తంగేడుకు పట్టిన పురుగు

కొండాపూర్‌లో మేము కిరాయికున్న ఇల్లు పాత డాబా. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయినా ఆ ఒక్కటి మాత్రం మొండిగా, ముందు వాకిలితో సహా, అలాగే మిగిలింది. పైన ఇంటామె, కింద మేము. మేము అంటే ఎక్కువగా నేనే. మా ఆయన ప్రాజెక్టు పుణేలో ఉండేది. నెలకోసారి వచ్చి, ఉతికిన బట్టలు సర్దుకుని మళ్ళీ రైలెక్కేవాడు. అందుకని ఆ వాకిలి నాదే అనుకునేదాన్ని. ఇంటామె మాత్రం అలా అనుకునేది కాదు.

ఆమెకు అరవై దాటాయి. భర్త పోయి చాలాకాలమైంది. పుట్టిందీ పెరిగిందీ ఆ చుట్టుపక్కలే. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. అంతమాత్రాన మా మధ్య పాలూ నీళ్ళలా సాగిందనుకోవద్దు. ఆమె ఊడ్చిన చోట నేను నీళ్ళు పోస్తే అరిచేది. నేను పెట్టిన కుండీని ఆమె జరిపితే నేను సాయంత్రం దాకా మొహం ముడుచుకునేదాన్ని. నాకు కోపం తొందరగా వస్తుంది, పోవడానికి తొందరేమీ ఉండదు.

హైటెక్ సిటీలో నా ఆఫీసు నాలుగు పక్కలా అద్దాలే. లోపలికి ఈగ కూడా రాదు. పొద్దంతా ఆ చల్లటి గదిలో కూర్చుని ఇంటికొస్తే ప్రాణమున్నది ఏదైనా కదులుతుంటే చూడాలనిపించేది. కుక్కను పెంచే ఓపిక లేదు. సీతాకోకచిలుకలైతే వాటి తిండి అవే చూసుకుంటాయి, మందులూ టీకాలూ అక్కర్లేదు, ఊరెళ్తే ఎవరికీ అప్పజెప్పనక్కర్లేదు. అలా మొదలైంది ఆ పిచ్చి. రోడ్డు పక్క నర్సరీకి వెళ్ళి, సీతాకోకచిలుకలు వచ్చే మొక్కలు కావాలంటే అతను జినియాలు, పెటూనియాలు, ముద్దబంతులు ఆటో నిండా ఎక్కించాడు. గోడ పొడుగునా కుండీలు పేర్చాను. పూశాయి కూడా. ఎరుపు, గులాబీ, నారింజ, కళ్ళు చెదిరేలా పూశాయి.

పిలిచి పీట వేశానన్నమాట. ఒక్కటీ రాలేదు. వచ్చినవి వచ్చినట్టు నా కుండీల మీదుగా పోయి, మూలన ఎవరూ నాటకుండా మొలిచిన గునుగు మీద వాలేవి. నల్లవి పెద్దవి కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగేవి. గోడ అవతల చెత్తలో పెరిగిన జిల్లేడు మీద ఇటుకరంగువి ఎప్పుడూ ఉండేవి. ఇక లేత పసుపువైతే పెద్దమ్మ తంగేడును వదిలేవే కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, నా చూపుకు ఆ వాకిట్లో ముందునుంచీ ఉన్నవేవీ ఆనలేదు. ఆ తర్వాత ఎక్కడో చదివి తెలుసుకున్నాను. రేకుల మీద రేకులు వచ్చేలా పెంచిన ఆ ముద్దపూలలో చాలావాటికి రంగే తప్ప తేనె ఉండదట. ఉన్నా ఆ రేకుల గుట్టలో వాటి నాలుకకు అందదట. నర్సరీ అతని మీద వచ్చిన కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక కుండీలకు రెండు రోజులు నీళ్ళు పోయలేదు.

తంగేడు నాకు కొత్త చెట్టేమీ కాదు. మాది కడప దిక్కు. మా ఊళ్ళో మేకలు కూడా మూతి పెట్టకుండా పోయే చెట్టది. గట్ల మీద, బీళ్ళలో ఎక్కడ చూసినా అదే. దాన్ని ఎవరైనా వాకిట్లో పెంచుతారని నేను కలలో కూడా అనుకోలేదు. పెద్దమ్మ దానికి పాదు తీసి, గోడవారన నిలబెట్టి, ఎండాకాలం బిందెతో నీళ్ళు పోసేది. కారణం బతుకమ్మ. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఇంటి వెనకంతా బండలే. భాద్రపదం వచ్చేసరికి ఆ బండల సందులన్నీ పచ్చగా పూసేవట. ఆడవాళ్ళంతా పోయి ఒళ్ళో పట్టినన్ని కోసుకొచ్చేవాళ్ళట. ఆ బండలు పగలగొట్టేటప్పుడు కాయలు ఏరుకొచ్చి వేస్తే బతికిన చెట్టిది. ఆ బండల చోటే ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. వాటిలో ఒకదాంట్లో నా కుర్చీ ఉంది. ఈ సంగతి ఆమె నన్ను దెప్పడానికి చెప్పలేదు. అయినా నాకు కాస్త ఇబ్బందిగానే ఉండేది.

ఇక సమ్మె వచ్చింది. ఆ సంవత్సరం తెలంగాణ కోసం ఊరూవాడా పనులు ఆపేశారు. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. మా ఆఫీసులు మాత్రం ఆగలేదు. క్యాబ్ దొరికితే క్యాబు, లేకుంటే నడక. ఆఫీసులో అన్నం దగ్గర ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం అటూ ఇటూ రెండుగా కూర్చోవడం మొదలైంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనేవాళ్ళు కాదు. నేను వెళ్ళి కూర్చుంటే మాట్లాడుతున్నవాళ్ళు క్రికెట్‌లోకి మారేవాళ్ళు. కరువు సీమలో పుట్టినదాన్ని. మా నీళ్ళు మాకు కావాలి, మా కొలువులు మాకు కావాలి అంటే అందులో నాకు అర్థం కానిదేమీ లేదు. కానీ ఆ మాట అనే మనిషి నన్ను చూసి గొంతు తగ్గిస్తే మాత్రం డబ్బా సర్దుకుని నా సీటుకు వచ్చేసేదాన్ని.

పెద్దమ్మ మరిది భార్య, వాళ్ళ భాషలో ఏరాలు, పక్క గల్లీలోనే ఉండేది. మరిది మీటింగులన్నిటికీ ముందుండే మనిషి. ఒక పొద్దున నేను మొక్కలకు నీళ్ళు పోస్తుండగా ఏరాలు వచ్చి, నేను అక్కడ లేనట్టే పెద్దమ్మతో మాట్లాడింది. ఆంధ్రోళ్ళను ఇంట్లో పెట్టుకుంటే పదిమందిలో ఆయనకు తలవంపుగా ఉందనీ, పండుగలోపు ఖాళీ చేయించమనీ. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. మాది ఆంధ్రా కాదు, సీమ అన్నాను. రెండూ ఒకటే అంది ఆమె, నా వైపు చూడకుండానే. మా ఊళ్ళో ఎవరైనా మమ్మల్ని ఆంధ్రావాళ్ళంటే కర్ర తీసుకుంటారు. ఆ మాట ఇక్కడ ఎవరికి చెప్పను?

పెద్దమ్మ ఊడవడం ఆపింది. చీపురు గోడకు ఆనించి, "పండుగ అయినంక చూద్దాం" అంది.

ఆ మాట నన్ను తినేసింది. ఏం చూస్తుంది? మణికొండలో ఫ్లాట్లు కావలసినన్ని ఉన్నాయి. ఇల్లు దొరకదని కాదు నా బాధ. పోవాలనిపించి పోవడం వేరు, పొమ్మంటే పోవడం వేరు. పైగా ఆ వాకిలి మీద నాకు ఆశ పుట్టింది. ముగ్గు వేసినట్టు పడే పొద్దుటెండ, ఆ గునుగు, ఆ పసుపు రెక్కలు, ఆఖరుకు పెద్దమ్మ అరుపులు కూడా నాకు కావాలనిపించింది. అడుగుదామంటే నోరు రాలేదు. పండుగ అంటే తొమ్మిదో నాటి సద్దుల బతుకమ్మ. అప్పటిదాకా ఎదురుచూడటమే నా పని.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వాకిట్లోంచి పెద్దమ్మ కేక వేసింది. వెళ్ళి చూస్తే తంగేడు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కొమ్మలు సగం బోడిగా ఉన్నాయి. మొదట నాకేమీ కనిపించలేదు. తర్వాత ఆకు అనుకున్నది కదిలింది. ఆకు రంగులోనే, పక్కన సన్నటి తెల్లగీతతో, ఈనెను అంటిపెట్టుకుని పడుకున్న పురుగులు. ఒకటి కనిపించాక ఇక చెట్టంతా అవే. ఆకులే కాదు, లేత మొగ్గల్ని కూడా కొరుకుతున్నాయి.

"బిడ్డా, నీ చుట్టాలు నా చెట్టును మేస్తున్నరు. నువ్వే పిలిచినవ్, నువ్వే తోల్కపో" అంది.

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఏటా పండుగకు శంకర్‌పల్లి దిక్కునుంచి ముసలమ్మలు తంగేడూ గునుగూ మూటలు కట్టుకుని బస్సుల్లో వచ్చి అమ్మేవాళ్ళు. ఆ ఏడు బస్సులే లేవు, పూలెక్కడివి? బతుకమ్మ అడుగు వరుస తంగేడుతోనే పేర్చాలి. అది లేకుంటే మిగిలినవి ఎన్ని ఉన్నా ఆమె లెక్కలో బతుకమ్మ కాదు. కాపురానికి వచ్చినప్పటినుంచి తంగేడు లేకుండా ఆమె పండుగ చేయలేదు. పైగా ఆ ఏడు తెలంగాణ అంతా రోడ్ల మీదికొచ్చి బతుకమ్మ ఆడుతుంటే, తన వాకిట్లో తంగేడు లేని బతుకమ్మా? ఆమె కళ్ళలో కోపం కంటే దిగులు ఎక్కువ ఉంది.

సాయంత్రానికి ఏరాలు పురుగుల మందు సీసా తెచ్చింది. ఒక్క పూట కొడితే అన్నీ రాలిపోతాయంది. పెద్దమ్మ సీసా తీసుకుని మూత సగం తిప్పి ఆగిపోయింది. మందు కొట్టిన పువ్వు గౌరమ్మ ముందు ఎలా పెడతామని అడిగింది. కడిగి పెట్టొచ్చని ఏరాలు, కడిగితే మందు పోతుందేమోగానీ కొట్టిన సంగతి పోతుందా అని పెద్దమ్మ. పైగా అవి పెత్రమాస అనే పెద్దల అమావాస్య ముందు పక్షం రోజులు. పెద్దలకు బియ్యం ఇచ్చే దినాల్లో చెట్టు మీద ప్రాణాలు తీయడం ఆమెకు మనసొప్పలేదు. సీసా వచ్చిన దారినే పోయింది. మర్నాడు బూడిద చల్లింది. రాత్రి వానకు అది కారిపోయింది. పురుగులు స్నానం చేసినట్టు ఇంకా నిగనిగలాడాయి.

చేత్తో ఏరడం ఒక్కటే మిగిలింది. అప్పుడు తెలిసింది, పామును కర్రతో కొట్టే మా పెద్దమ్మకు పురుగంటే ఒళ్ళు జలదరింపని. ఆమడ దూరంలో నిలబడి, అదిగో అక్కడొకటి, ఇదిగో ఇక్కడొకటి అని చూపించడమే తప్ప చెయ్యి పెట్టలేదు. నాకు అలాంటి జబ్బు లేదు. మా నాయనది వేరుశనగ సేద్యం. చిన్నప్పుడు ఎర్ర గొంగళిపురుగు దండు కట్టి వస్తే ఇంటిల్లిపాదీ చేలో దిగి ఏరేవాళ్ళం. వెంట్రుకలు గుచ్చుకుని వేళ్ళు దురదపెట్టేవి. ఏరినవాటిని గుంత తీసి పూడ్చేవాళ్ళం. అప్పుడు నాకు జాలి అనేది తట్టనే లేదు. అవి మా అన్నం తింటున్నాయి మరి.

ఇవి వేరు. నున్నగా, చల్లగా, వేలి మీద పాకితే గిలిగింతలా ఉంటుంది. ఏరి డబ్బాలో వేశాక ఏం చేయాలో తోచలేదు. పూడ్చడానికి చెయ్యి రాలేదు. ఎందుకంటే వీటి తల్లిని నేను చూశాను. కొన్నాళ్ళ ముందు ఒక పసుపు రెక్కలది తంగేడు మీద వాలి, ముందుకాళ్ళతో ఆకును తట్టి తట్టి చూసి, ఇది కాదని ఇంకో ఆకు మీదికి పోయి, మళ్ళీ తట్టి, చివరికి పొట్ట వంచి బియ్యపు గింజ తునకంత తెల్లటి గుడ్డు నిలబెట్టి పోయింది. అది ఆకు రుచి చూసుకోవడమట. తేనె ఏ పువ్వులోనైనా తాగుతాయి గానీ గుడ్డు మాత్రం తమ ఆకు మీదే పెడతాయి. మిగతా ఆకు ఎంత పచ్చగా ఉన్నా పిల్లలు తినవు, ఎండిపోయి చస్తాయి. అది తెలిశాక నా తోట మీద నాకే నవ్వొచ్చింది. రెక్కలు కావాలి, పురుగు వద్దంటే ఎలా? పూల కోసం వచ్చేది చుట్టపుచూపుకు. ఆకు కోసం వచ్చేదే కాపురానికి. ఆ లెక్కన కడపలో పుట్టి, హైటెక్ సిటీలో జీతం తీసుకుని, కొండాపూర్ వాకిట్లో ఎండకు కూర్చునే నాది ఏ ఆకు?

ఈ జాతివి రేల ఆకు కూడా తింటాయని చదివాను. మా ఆఫీసు గేటు బయట, ఫుట్‌పాత్ పొడుగునా రేల చెట్లే. ఇంకేం, మర్నాటి నుంచి నా టిఫిన్ డబ్బాల్లో ఒకటి వాటికిచ్చాను. తంగేడు కొమ్మ తుంచి వేసి, మూతకు బెజ్జాలు పొడిచి, బ్యాగులో పెట్టుకుని నడిచి వెళ్ళేదాన్ని. చెట్లు గేటు బయటే ఉన్నా మొదటి రోజు పరధ్యానంలో నేరుగా లోపలికి పోయాను. సెక్యూరిటీ అతను బ్యాగు తెరిపించి డబ్బా మూత తీశాడు. కాసేపు దాన్ని, కాసేపు నన్ను చూశాడు. సమ్మెలో కూరగాయలు కూడా దొరకట్లేదా మేడమ్ అని అడిగాడు. నేను బయటికొచ్చి, ఫుట్‌పాత్ మీద నిలబడి, ఒక్కొక్కదాన్నీ రేల కొమ్మలకు ఎక్కించాను. క్యాబుల్లోంచి దిగుతున్నవాళ్ళు మెడలో ట్యాగులతో ఆగి ఆగి చూశారు. నా టీమ్ లీడ్ కూడా చూశాడు. ఏమీ అడగలేదు. ఆ రోజుల్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనేవాళ్ళు కాదని చెప్పాను కదా.

రోజూ పొద్దున ఏరడం, మోయడం, దించడం. పెద్దమ్మ చూపించేది, నేను ఏరేదాన్ని. ఇంత చేస్తూ కూడా పండుగ తర్వాత మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరోజు ఇన్నిటిని ఎక్కడికి తీసుకుపోతున్నావని అడిగితే చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సమ్మె మొదలయ్యాక ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. "మంచిగున్నది. మా బండలకే వాపస్ పంపుతున్నవ్" అంది.

వాపస్ అన్న మాట ఆ రోజుల్లో గోడల మీద ఆంధ్రోళ్ళు వెళ్ళిపోవాలన్న అర్థంలో ఉండేది. మా గల్లీ మొదట్లోనూ రాసి ఉంది. ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

పెత్రమాస నాడు పెద్దమ్మ మొదటి రోజుదైన ఎంగిలిపూల బతుకమ్మకు గునుగుతో, గుప్పెడంటే గుప్పెడు తంగేడుతో సరిపెట్టింది. ఉన్న మొగ్గల్ని సద్దులకు దాచింది. ఆ తర్వాత చెట్టు తేరుకుంది. కొత్త ఆకు వేసింది, మొగ్గలు విచ్చాయి. మునుపటంత కాదు గానీ పూసింది. సద్దుల నాడు నేను సెలవు పెట్టాను. పండుగ కోసమని అనుకున్నారు ఆఫీసులో. నిజానికి ఆ రోజు నా సంగతి తేలుతుందని పెట్టాను.

మధ్యాహ్నం పెద్దమ్మ గంపతో వచ్చి నా కుండీల ముందు నిలబడింది. నీ పూలు కోసుకుంటున్నానంది. అడగడం కాదు, చెప్పడమే. వాటిలో తేనె లేదని ఒకప్పుడు నేనే ఆమె దగ్గర వాపోయాను. అది గుర్తుపెట్టుకుని, "తేనె లేకుంటేంది, రంగున్నది" అని జినియాలన్నీ గంపలోకి తుంచింది.

ఆ తర్వాత కొడవలి తీసుకుని తంగేడు దగ్గరికి పోయింది. అప్పటికే వాకిట్లో చాప పరిచి ఆడవాళ్ళు చేరారు. రంగులద్దిన గునుగు ఒక పక్క, బంతిపూలు ఒక పక్క. తాంబాలంలో గుమ్మడాకు పరిచి ఉంది. ఏరాలు కూడా వచ్చింది. నేను గేటు దగ్గర, లోపలా కాదు బయటా కాదు అన్నట్టు నిలబడ్డాను. పెద్దమ్మ ఒక్కో కొమ్మా కోస్తూ గోడవైపు కొమ్మ దాకా వచ్చింది. చెట్టు మొత్తానికి నిండుగా పూసింది అదే. కొడవలి ఎత్తి, వంగి చూసి, దించేసింది. కొమ్మను వదిలేసి వచ్చి చాప మీద కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు. నా కంటికి దొరకని రెండు మూడు పురుగులు అక్కడ గూడు కట్టాయి. పూల కింద, మడిచిన లేతాకుల్లా, దారంతో నడుం కట్టుకుని వేలాడుతున్నాయి. పొద్దున ఆమెకు చూపించాను. ముట్టుకుంటే రాలిపోతాయేమోనని తీయలేదన్నాను.

పేర్చడం మొదలైంది. అడుగు వరుస ముప్పావు వంతు తిరిగేసరికి తంగేడు అయిపోయింది. జానెడు సందు మిగిలింది. ఏరాలు తలెత్తి గోడవైపు చూసింది.

"అక్కా, ఆ కొమ్మ మర్చిపోయినవ్."

పెద్దమ్మ చేతిలో పని ఆపలేదు.

"మర్వలే. అది కిరాయికిచ్చిన."

ఎవరో నవ్వారు. ఏరాలు నవ్వలేదు. పెద్దమ్మ ఒక గునుగు కాడ కత్తిరించి, కొలత చూసుకుని, తాపీగా అంది. "కిరాయికున్నోళ్ళను పండుగపూట ఎల్లగొడ్తమా? పండుగైనంక గూడ ఎల్లగొట్ట. మీ ఆయినెకు చెప్పు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గేటు గడియ పట్టుకుని అటువైపు తిరిగాను. పెద్దమ్మ అక్కడినుంచే కసిరింది, వచ్చేపోయేవాళ్ళకు అడ్డంగా నిలబడ్డావేంది, వచ్చి పూలందియ్యమని.

వెళ్ళి ఆమె పక్కన కూర్చుని గంప దగ్గరికి లాక్కున్నాను. చేతికి జినియాలే వచ్చాయి. ఎవరికిద్దామా అని చూస్తుంటే ఏరాలు చెయ్యి చాపింది. ఒకటొకటిగా తీసుకుని ఆ జానెడు సందులో తంగేడు పక్కన అమర్చింది. సరిపోయాయి.